గ్రానైట్ వద్దన్న మాట

ఉదయం పదీ నలభైకి గేటు గొళ్ళెం చప్పుడైంది. నా భార్యను భూస్థాపన చేసి అప్పటికి పదకొండు రోజులు. బయట ఒక నడివయసు మనిషి, భుజాన సంచి, చేతిలో ఫోన్. వీధి మలుపులో కట్టిన శ్రద్ధాంజలి ఫ్లెక్సీ చూసి వచ్చానన్నాడు. సంచిలోంచి నాలుగు నల్లరాయి ముక్కలు తీసి అరుగు మీద పరిచాడు. సమాధులకు గ్రానైట్ వేస్తాడట.

ఇంటికొచ్చి అమ్మేవాళ్ళతో మాట్లాడడం మా ఇంట్లో ఆమె పని. నేను లోపల పుస్తకం పట్టుకుని వినేవాణ్ణి. ఒకసారి నీళ్ళ ఫిల్టర్ అమ్మే అతను మా కుళాయి నీళ్ళలో రెండు తీగలు పెట్టి, నీళ్ళు మురికిరంగు తిరిగాక "చూసిండ్రా మేడమ్?" అన్నాడు. "ఇరవై ఏండ్ల సంది ఇవే తాగి నీతోని మాట్లాడుతున్న తమ్మీ. జర తీగలు తియ్యి, కొత్త నీళ్ళు పట్టి చాయ్ పెడత" అంది ఆమె. అతను నవ్వి, చాయ్ తాగి పోయాడు. ఇంట్లో కట్టుబడి పనికి మనిషిని కుదుర్చుకోవాలంటే మాత్రం ఆమెకు నవ్వు ఉండేది కాదు. కొత్తగా చేసిన పని చూపిస్తే చూసేది కాదు. మూడు వానకాలాలు చూసిన పని ఎక్కడుందో చెప్పమనేది. వెళ్ళి చూసి, ఆ ఇంటి ఆడవాళ్ళతో మాట్లాడి వచ్చేది.

అలా ఏరి తెచ్చిన మేస్త్రి ఒక్కడే. స్టేషన్ ఘన్‌పూర్ వైపు మనిషి. మా వంటగది, స్నానాలగది, పైన నీళ్ళ ట్యాంకు అన్నీ ఆయన కట్టినవే. ఆమెను అక్క అని, నన్ను సార్ అని పిలిచేవాడు. ఆయన పని చేస్తున్నంతసేపూ ఆమె పీట వేసుకుని గుమ్మంలో కూర్చునేది. గోడ ఇవతల నాకు వాళ్ళ మాటలు సగమే వినిపించేవి. నాతో రోజంతా మాట్లాడనిది ఆయనతో ఒక గంటలో మాట్లాడేది. తప్పుగా ఎప్పుడూ అనుకోలేదు. అసూయపడ్డాను. భూస్థాపన రోజు ఆయన నేల మీద కూలబడి గట్టిగా ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు. వచ్చినవాళ్ళు ఆయన భుజం పట్టుకుని ఓదార్చారు. అది నేను మరిచిపోలేదు.

గ్రానైట్ మనిషి ఫోన్లో బొమ్మలు చూపించాడు. దేవదూతలు, పావురాలు, బంగారు రంగు అక్షరాలు. ఫ్లెక్సీ మీద నా ఉద్యోగం కూడా చదివి ఉన్నాడు.

"సార్ లెక్చరర్ గద, గీ తెరిచిన పుస్తకం మోడల్ మీకు కరెక్ట్ సెట్ అయితది. వారంల కంప్లీట్ చేసిస్త."

నాకు అలంకారం గిట్టదు. ఆమెకూ గిట్టేది కాదు. అయినా సరే అన్నాను. మేస్త్రి వచ్చి అడిగేలోపే ఈ పని ఇంకొకరి చేతికి పోవాలి. ఆమెకు సంబంధించిన ఈ ఒక్కటైనా ఆయన చేయకూడదు. నా తలలో ఉన్నది అదొక్కటే.

మేస్త్రి ఆ సాయంత్రమే వచ్చాడు. కొలతల టేపు జేబులో ఉంది.

"మట్టి దిగాలె సార్. ఒక వానకాలం పోనిద్దాం. ఇప్పుడే కడితే ఒక దిక్కు కుంగుతది."

"వేరేవాళ్ళకు ఇచ్చేశాను. గ్రానైట్ వేస్తారు."

కాసేపు తన చేతులు చూసుకున్నాడు. "గ్రానైట్ వద్దన్నది సార్ అక్క. ఎండకు కాలుతది, మా సార్ వచ్చి చెయ్యి పెట్టలేడు, సిమెంటే వెయ్యమన్నది."

"ఎప్పుడు?"

"దవాఖాన నుంచి తెచ్చినంక, ట్యాంకు కారుతుందని పిలిచిండ్రు గద. అప్పుడు."

ఆ రోజు నేను ఇంట్లోనే, పక్క గదిలో ఉన్నాను. "నాతో అనలేదు" అన్నాను.

"మీతోని ఎట్లంటది? గా సావు ముచ్చట తీస్తె మీరు లేచి పోతరట గద."

నిజమే, లేచి వెళ్ళిపోయేవాణ్ణి. కానీ ఆ సంగతీ ఈయనకు తెలుసు. అబద్ధమాడుతున్నాడేమో అనుకున్నాను. పని చేజారుతుంటే ఏదైనా అంటారు, పోయిన మనిషిని అడిగే వీలు లేదు. అబద్ధమైతే బాగుండునని కూడా అనుకున్నాను. అప్పుడు ఆమె ఆ మాట ఎవరితోనూ అనలేదన్నమాట.

మర్నాడు గ్రానైట్ మనిషికి ఫోన్ చేసి పాత పని చూపించమన్నాను. "పాతవెందుకు సార్, కొత్తవి మస్తున్నయ్" అన్నాడు. నేను పట్టుబడితే మా సమాధుల తోటలోనే ఉన్న ఒకదాన్ని చెప్పాడు. మధ్యాహ్నం వెళ్ళాను. రాయి ఒక పక్కకు కుంగి, కింద అరచేయి దూరేంత సందు పడింది. పైన చెయ్యి పెట్టి వెంటనే తీసేశాను. నాలుగు వరసల అవతల మా అత్తగారి సమాధి ఉంది. ఎనిమిదేళ్ళ కింద మేస్త్రి కట్టింది. సున్నం కొట్టిన మామూలు సిమెంటు, ఎక్కడా పగులు లేదు. దాని మీద చెయ్యి పెట్టి ఉంచగలిగాను.

పని ఎవరిది మంచిదో తేలింది. ఆమె ఆ మాట అన్నదో లేదో అలా తేలదు. కానీ చెయ్యి కాలడం గురించి ఆలోచించే మనిషి మా ఇంట్లో ఆమె ఒక్కతే. అది మేస్త్రికి తట్టే మాట కాదు. అక్కడే నిలబడి గ్రానైట్ వద్దని ఫోన్ చేశాను. తర్వాత మేస్త్రికి చేశాను. వానలు పోయాక నువ్వే కట్టమని చెప్పి, ఫోన్ పెట్టేయబోతూ అడిగాను:

"ఇంకేమన్నా అన్నదా?"

"చాన అన్నది సార్. అన్నీ చెప్పాల్నా?"

"వద్దు" అన్నాను.

వానకాలం పోయాక రెండు రోజుల్లో కట్టాడు. బాగా కట్టాడు. పోయినవాళ్ళను తలుచుకునే సమాధుల పండుగకు ముందు ఏటా తానే వచ్చి సున్నం వేస్తానని, నన్ను ఫికర్ పెట్టుకోవద్దని అన్నాడు. మొదటి ఏడు అలాగే వచ్చాడు. నేను వెళ్ళేసరికి గొంతుక్కూర్చుని సున్నం వేస్తూ ఏదో మాట్లాడుతున్నాడు, మెల్లగా, మధ్యలో ఒకసారి నవ్వుతూ. చుట్టూ ఎవరూ లేరు. ఆయనకు కనబడకుండా గేటు దగ్గరి నుంచే తిరిగి వచ్చేశాను.

మరుసటి ఏడు ఆయన వచ్చేలోపే, వారం ముందే బకెట్టు, బ్రష్షు కొనుక్కుని వెళ్ళాను. నాకు పని రాదు, సున్నం చారలు చారలుగా వస్తుంది. అయినా నేనే వేస్తున్నాను. మేస్త్రిని పిలవడం లేదు.