బుడగలు ఆగిన మధ్యాహ్నం

కొల్లేరు చుట్టుపక్కల ఊళ్లన్నిటిలోకీ సూర్యుణ్ణి పెరట్లోకి పిలిచి పనిలో పెట్టిన మొదటి మనిషిని నేనేనండి. ఈ మాట ఛాతీ విరుచుకుని చెప్పాల్సింది. కానీ ఛాతీ విరిస్తే భుజాలు కలుక్కుమంటున్నాయి. అందుకని కాస్త వంగి చెబుతున్నాను. ఈ టీ గ్లాసు చూశారా, రెండు చేతులతో పట్టుకున్నాను, పసిపిల్లాడు పాలగ్లాసు పట్టుకున్నట్టు. తల దువ్వుకుని మూడు రోజులైంది. చెయ్యి అంత ఎత్తుకి లేస్తేగా!

మొన్న శనివారం ఏం జరిగిందో వినండి. జాలేస్తుంది మీకు. నా మీద కాదులెండి, మా బాబాయి మీద.

మా ఇశ్రాయేలు బాబాయిది గుండుగొలను దాటి కొల్లేరు వైపు దిగితే వచ్చే చిన్న ఊరు. ఆయన ఇన్నేళ్లూ వేరేవాళ్ల చెరువుల మీదే బతికారు. వాళ్ల చేపలకి మేత చల్లడం, వాళ్ల గట్ల మీద కాపలా తిరగడం, వాళ్ల చేపలు లారీ ఎక్కుతుంటే పక్కన నిలబడి చూడడం. ఈ ఏడాదే మొదటిసారి తనది అని చెప్పుకోడానికి ఒక చిన్న చెరువు కౌలుకి తీసుకున్నారు. శనివారం తెల్లారేసరికి చేపపిల్లలు దిగాయి. వేలెడు కూడా లేని బొచ్చెపిల్లలు, ప్లాస్టిక్ సంచుల్లో.

చెరువులో సున్నం చల్లి ఉంది. ఆ ఘాటు తగ్గాలంటే ఇంకో పూట ఆగాలి. ఆదివారం పొద్దున్న ప్రార్థన చేసి వదులుదామని, అప్పటిదాకా పిల్లల్ని పెరట్లో సిమెంటు తొట్టిలో పోయించారు బాబాయి. పోయించి, తొట్టి పక్కనే గొంతుకూర్చుని, ఒక్కటే మాట.

"అబ్బాయ్, రేపటిదాకా ఇవి బతకాలిరా. ఇంకేమీ అడగను."

అంతమంది పిల్లలు ఒక తొట్టిలో ఇరుక్కుంటే నీళ్లలో గాలి చాలదు. ఎవరో ఒకరు ఊదుతూనే ఉండాలి. ఆ ఊదేదాన్నే నేను ఏలూరు నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. సోలార్ గాలి పంపు! ఒక ప్యానెల్, ఒక చిన్న మోటారు, రెండు ట్యూబులు, చివర రెండు రాళ్లు. ఎండ పడితే చాలు, రాళ్లలోంచి బుడగలు బుసబుసమని వస్తాయి. రాత్రికి బ్యాటరీ పంపు తెస్తామని పక్కూరి వాళ్ల దగ్గర బాబాయి మాట తీసుకుని ఉన్నారు. పగలు మాత్రం నాది. నాదీ, సూర్యుడిదీ.

లైన్ పనులని చెప్పి పొద్దున్న ఎనిమిదింటికే కరెంటు తీసేశారు. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

"చూశారా బాబాయ్! ఊరంతా ఆగిపోయింది. మన తొట్టి ఆగిందా?"

ఆగలేదు. బుడగలు పొంగిపోతున్నాయి. చూడ్డానికి వచ్చిన పక్కింటి వీర్రాజు గారికి నేను ఒక క్లాసు తీసుకున్నాను. "ఏవండీ, సోలార్ అంటే మరేం లేదండీ. ఎండ ఉచితం, గాలి ఉచితం. మనం చెయ్యాల్సిందల్లా ప్యానెల్ మీద నీడ పడకుండా చూసుకోవడమేనండీ." ఆయన తల ఊపి, "మంచిదండీ, మంచిదండీ" అంటూ వెళ్లిపోయారు. వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లారు గానీ, అది నా క్లాసు వల్ల కాదనుకుంటాను.

ఆ ఊపులో ఇంట్లోవాళ్లకి ఆంక్షలు పెట్టాను. అద్దం వేడిగా ఉంది కదా అని రత్నం పిన్ని ప్యానెల్ మీద గుప్పెడు మిరపకాయలు ఆరబోసింది. తీయించేశాను. నాన్నమ్మ తన తువ్వాలు దాని మూలన తగిలించింది. అదీ తీయించేశాను.

"ఒక్క మిరపకాయంత నీడ కూడా పడకూడదు పిన్నీ!"

"నీ పెళ్లాన్ని ఎట్టా చూసుకుంటావో గానీ, దీన్ని మాత్రం బాగా చూసుకుంటున్నావురా" అంది పిన్ని మిరపకాయలు చాటలోకి ఎత్తుకుంటూ.

పది దాటాక ఎండ దంచడం మొదలెట్టింది. తొట్టిలో నీళ్లు వేడెక్కుతున్నాయి. బాబాయి వేలు ముంచి చూసి, "నీడ కావాలిరా వీటికి" అన్నారు. నేను ఉన్నానుగా! నా పుట్టినరోజుకి ఫ్రెండ్స్ కొట్టించిన ఫ్లెక్సీ ఒకటి మడిచి అటక మీద పడేసి ఉంది. దించాను. నాలుగు వెదురుగడలు పాతి, తొట్టి మీద పందిరిలా కట్టాను. పైన నల్ల కళ్లజోడుతో, చెవి దగ్గర ఫోనుతో నేను. కింద చల్లగా చేపపిల్లలు. పందిరి పక్కనే, ఎండలో, ఇనుప స్టాండు మీద ప్యానెల్. వైరు పొట్టిది, మరీ దూరం పెట్టడానికి కుదరదు.

చేపలకి నీడ, ప్యానెల్‌కి ఎండ. నా తెలివికి నాకే ముచ్చటేసింది. అన్నం తిని వచ్చి ఫోటో తీసుకుందామనుకున్నాను.

అన్నం ఇంకా సగం కంచంలో ఉండగానే బాబాయి అరిచారు.

"అబ్బాయ్! బుడగలు ఆగిపోయాయిరా!"

ఎంగిలి చేత్తోనే పరిగెత్తాను. నిజమే. రాళ్లు ఊరకే నీళ్లలో పడి ఉన్నాయి. చేపపిల్లలు ఒకటొకటే పైకి తేలి, చిన్న చిన్న నోళ్లు తెరిచి గాలి మింగుతున్నాయి. ముందు పది. చూస్తుండగానే తొట్టి నిండా నోళ్లే.

"గాలి అందట్లేదు వీటికి" అన్నారు బాబాయి. ఆ మాట చాలా మెల్లగా అన్నారు. నాకు భయం వేసింది అక్కడే.

ఏం చెయ్యాలో మాత్రం ఆయనకి తెలుసు. చెంబుతో నీళ్లు ముంచి, భుజం ఎత్తు నుంచి మళ్లీ తొట్టిలోకే పోయాలి. పడేటప్పుడు గాలి కలుస్తుంది. నేను బకెట్ ఎత్తి ధబేలుమని కుమ్మరించాను.

"ఒరే ఒరే! పిల్లలు చచ్చిపోతాయిరా! సన్నగా పొయ్యాలి, వానలాగా!"

పిన్ని లోపలికి పరిగెత్తి బియ్యం జల్లెడ తెచ్చింది. తను తొట్టి మీద జల్లెడ పట్టుకుని నిలబడితే, నేనూ బాబాయీ చెరో చెంబుతో ముంచడం, భుజం దాకా ఎత్తడం, జల్లెడలో పొయ్యడం. ముంచు, ఎత్తు, పొయ్యి. ముంచు, ఎత్తు, పొయ్యి. మొదటి పది చెంబులు సరదాగానే ఉంటాయండి. యాభై దాటాక చెంబులో నీళ్లా సీసమా అనిపిస్తుంది. ఆ తర్వాత లెక్క మర్చిపోతాం. మన పేరు కూడా మర్చిపోతాం.

ఆపితే నోళ్లు పైకి వస్తున్నాయి. పోస్తే కిందికి దిగుతున్నాయి. అంటే ఆపడానికి లేదు.

మధ్యలో బాబాయి నన్ను పంపించారు. "పొయ్యడం నేను చూసుకుంటాను. నువ్వు దాని సంగతి చూడు."

చూశాను. వైర్లు పీకి మళ్లీ పెట్టాను. ట్యూబులు నోట్లో పెట్టి ఊదాను, ఒకదాంట్లోంచి నీళ్లు వెనక్కి నా నోట్లోకే వచ్చాయి. చేపల రుచి ముందే తెలిసిపోయింది. ప్యానెల్ మీద నీటికాకి రెట్ట ఒకటి కనబడింది. దొరికాడు దొంగ అనుకుని, చొక్కా విప్పి తళతళ మెరిసేలా తుడిచాను. తుడుస్తుంటే అద్దం చల్లగా తగిలింది. ఆహా, ఏం క్వాలిటీ! ఇంత ఎండలోనూ వేడెక్కలేదు అనుకున్నాను. అవునండి, సరిగ్గా అలాగే అనుకున్నాను.

మోటారు మాత్రం కిక్కురుమనలేదు.

ఈలోగా నాన్నమ్మ తన నులకమంచం ఈడ్చుకుంటూ వచ్చి, ప్యానెల్ పక్కనే వేసుకుని కూర్చుంది. బైబిలు ఒళ్లో పెట్టుకుని, "ప్రభువా, ఈ మూగజీవాలు..." అని మొదలెట్టింది.

"నాన్నమ్మా, అడ్డం లే! ఇక్కడ రిపేరు జరుగుతోంది!"

"ఎక్కడికి పోనురా? పెరడంతా నిప్పులు చెరుగుతోంది. ఇక్కడొక్కచోటే చల్లగా ఉంది."

నేను వినిపించుకోలేదు. ఏలూరులో నాకు ఈ పంపు అమ్మిన షాపు ఆయనకి ఫోన్ చేశాను. స్పీకర్ ఆన్ చేసి మంచం మీద పెట్టాను, ఒక చెయ్యి చెంబుకి కావాలిగా. అప్పటికి నేను మర్యాద కూడా మర్చిపోయి ఉన్నాను.

"ఏవండీ, మీరిచ్చిన సరుకు పాడైపోయిందండీ! ఇక్కడ ప్రాణాలు పోతున్నాయి!"

"అయ్యయ్యో! ఎవరివండీ?"

"చేపపిల్లలవండీ!"

ఆయన చాలా నెమ్మదిగా అడిగారు. "పొద్దున్న పనిచేసిందాండీ?"

"బ్రహ్మాండంగా చేసిందండీ."

"అక్కడ మబ్బుగా ఉందాండీ?"

"మబ్బా! ఎండ మాడ్చేస్తోందండీ. నిలబడలేకపోతున్నాం."

"మరి మీరు ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నారండీ?"

"నీడలోనండీ. ఎండలో ఎలా నిలబడతాం?"

"మంచిదండీ. ప్యానెల్ ఎక్కడుందండీ?"

"ఇదిగో, నా పక్కనే..."

అన్నాను. అని ఆగిపోయాను.

పిన్ని చేతిలో జల్లెడ ఆగింది. బాబాయి చేతిలో చెంబు ఆగింది. అందరం కలిసి ప్యానెల్ వైపు చూశాం. తర్వాత అందరం కలిసి పైకి చూశాం. పైన ఫ్లెక్సీలో నేను నల్ల కళ్లజోడు పెట్టుకుని నవ్వుతున్నాను. పొద్దు పడమటికి వాలింది. పందిరి నీడ తొట్టి దాటి తూర్పుకి జరిగింది. సరిగ్గా ప్యానెల్ మీద, ఈ మూల నుంచి ఆ మూల దాకా పరుచుకుంది.

"నేను ఇందాకట్నుంచీ అదే చెబుతున్నానుగా, ఇక్కడ చల్లగా ఉందని" అంది నాన్నమ్మ. తర్వాత పైకి చూసి, "మిరపకాయంత నీడ పడకూడదన్నావు. మరి నీ మొహం ఎంతుందిరా?"

ఫోన్లో షాపు ఆయన ఇంకా ఉన్నారు. "దొరికిందాండీ?" అన్నారు ఎంతో మర్యాదగా. ఆ మర్యాద తిట్టుకన్నా ఎక్కువ తగిలింది. "దొరికిందండీ, థాంక్సండీ" అని పెట్టేశాను.

ప్యానెల్‌ని స్టాండుతో సహా పందిరికి అవతలి వైపు, పడమటికి, ఎండలోకి ఈడ్చాం. వైరు కొంచెం తక్కువైతే నాన్నమ్మ మంచం దగ్గరికి లాగి దాని మీద మోటారు ఎక్కించాం. ఒక్క క్షణం ఏమీ కాలేదు. తర్వాత గుర్రుమంది. రాళ్లలోంచి ఒక బుడగ. ఇంకో బుడగ. ఆ తర్వాత బుసబుసా.

బాబాయి తొట్టి గోడకి ఆనుకుని అలాగే కింద కూర్చుండిపోయారు. నోళ్లు ఒకటొకటే నీళ్లలోకి దిగిపోతుంటే చూస్తూ ఉన్నారు. పోయినవి ఓ గుప్పెడు ఉంటాయి, పిన్ని వాటిని ఏరి ఆకులో పెట్టింది. మిగతావన్నీ బతికాయి. పొద్దు వాలే దాకా ఎవరమూ అక్కణ్నుంచి లేవలేదు. చీకటి పడకముందే పక్కూరి బ్యాటరీ పంపు వచ్చింది. అది తెచ్చినవాళ్లు "ఏంటండీ అందరూ అలా ఉన్నారు?" అంటే, నాన్నమ్మ ఫ్లెక్సీ వైపు వేలు చూపించింది.

ఆదివారం పొద్దున్న చెరువులో వదిలేటప్పుడు నన్ను కూడా పిలిచారు బాబాయి. గట్టు మీద నిలబడి ప్రార్థన చేశారు. అందరూ చేతులు పైకెత్తి ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను, చేతులు కిందనే ఉంచి. పిల్లలు నీళ్లలోకి జారి, మెరిసి, మాయమైపోయాయి. బాబాయి నా భుజం తట్టి, "నీ పంపు మంచిదేరా, నీ నీడే చెడ్డది" అన్నారు. భుజం తట్టడం వల్ల నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన అది ఆనందం అనుకున్నారు.

అంతా నవ్వుతూనే ఉన్నారు గానీ, నా దగ్గర ఒక సంగతి ఉండిపోయిందండి. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను, ఎందుకంటే మోసే ఓపిక కూడా లేదు.

శనివారం మేం చెంబులతో పోస్తున్నప్పుడు, మధ్యలో నా చేతులు పట్టేస్తే, మంచినీళ్లు తాగొస్తానని లోపలికి వెళ్లాను. హాల్లో ఫ్యాను తిరుగుతోంది. కరెంటు వచ్చేసింది. దాని కింద రెండు నిమిషాలు నిలబడి, చెమట ఆరబెట్టుకుని, హాయిగా ఉందనుకుని, మళ్లీ వచ్చి చెంబు పట్టుకున్నాను. తర్వాత ఇంకో గంట పోశాం.

ఆ పంపు ఇంటి కరెంటు మీద కూడా నడుస్తుందండి. అడాప్టర్ ఆ అట్టపెట్టెలోనే ఉంది, పొడుగాటి వైరుతో సహా. పొద్దున్న పెట్టె విప్పి, దాన్ని చేతిలోకి తీసుకుని, "సూర్యుడుండగా మనకిదెందుకు?" అని నవ్వి మళ్లీ అడుగున పడేసింది నేనే.