మొదటి గ్లాసు చాయ్

మా మత్తు డాక్టరమ్మ పోయారు. పోయిన వారం, చిల్కానగర్‌లోని ఇంట్లో, నిద్రలోనే. కబురు తెచ్చిన ఆవిడ కారు డ్రైవరు గేటు దగ్గరే కూలబడి ఏడ్చాడు. నాచారంలోని మా చిన్న ఆసుపత్రిలో మందుల కౌంటరు నాది. నాకు ఏడుపు ఓ పట్టాన రాదు, కోపమే వస్తుంది. ఆ రోజు రెండూ వచ్చాయి.

ఆపరేషనుకు ముందు మత్తు ఇవ్వడం ఆవిడ పని. బల్ల మీద ఎవరున్నా సరే, ముందు పేరు అడగాల్సిందే. సొంత తమ్ముడికి హెర్నియా ఆపరేషనైతే అతణ్నీ వదల్లేదు.

"నీ పేరేంది?"

"పేరు పెట్టిందే నువ్వు గదక్కా!"

"నాకెరుకే. నువ్వు జెప్పు."

అతను చెప్పేదాకా సూది ముట్టలేదు మహాతల్లి.

ఆవిడ రాకముందు మా దగ్గర దొరికినవాడే దొంగ. మాత్ర మారిందంటే మేం నర్సుల్ని అనేవాళ్లం, నర్సులు డాక్టర్ల చేతిరాతను తిట్టేవాళ్లు. ఆవిడొచ్చి ఒక పద్ధతి పెట్టారు. పొద్దున అందరం కలిసి తాగే చాయ్‌లో మొదటి గ్లాసు, తాను చేసిన పొరపాటో, చేయబోయి ఆగిందో నోరు విప్పి చెప్పినవాళ్లది. "ఇదేం చోద్యమండీ, తప్పుకు బహుమానమా?" అని గొణిగాను. కొన్నాళ్లు ఎవరూ ఆ గ్లాసు ముట్టలేదు. రోజూ ఆవిడే తీసుకునేవారు. అంత చదువుకున్న మనిషి, ఆయాల ముందు నిలబడి "నిన్న నేను తొందరపడ్డ" అనడం! చదివేవాళ్లకు చిన్న సంగతిలా ఉంటుందేమో. ఆసుపత్రుల్లో పనిచేసినవాళ్లను అడగండి. "మత్తు పేషెంటుకియ్యాలె, మనం తీస్కోవద్దు" అని డాక్టరమ్మ నవ్వేవారు.

ఒకరోజు కొత్తగా చేరిన నర్సు ఆ గ్లాసు అందుకుంది. పక్క మంచం మనిషికి ఎక్కించాల్సిన సీసాను ఇంకొకరికి తగిలించి, మందు వదలబోతూ చూసుకుందట. ఎవరికీ ఏమీ కాలేదు. అయినా మేనేజరు ఆమెను రేపటి నుంచి రావద్దన్నారు.

డాక్టరమ్మ ఆయన గదిలోకి వెళ్లారు. తలుపు తెరిచే ఉంచారు, మేం వినాలనే కాబోలు.

"ఈ పిల్లను పంపుతె నన్ను గూడ పంపుండ్రి సార్."

"రేపు ఎవరిదన్నా పానం వోతే మేడమ్?"

"గందుకే చెప్తున్న. ఈమెను పంపుతె తప్పులు బంద్ గావు. చెప్పుడు బందైతది."

ఉద్యోగం పణంగా పెట్టి మాట్లాడుతున్న మనిషి గొంతు ఇసుమంతైనా పెరగలేదు. అంత ధైర్యాన్ని అంత నిదానంగా నేనెక్కడా చూడలేదు. ఆ పిల్ల ఉండిపోయింది. ఇప్పుడు వార్డంతా చూసుకునే సిస్టరు ఆమే.

డాక్టరమ్మ పోయిన మర్నాడూ చాయ్ వచ్చింది. మొదటి గ్లాసు ట్రేలో అలాగే ఉంది. ఎవరమూ చెయ్యి చాచలేదు. ఈ పద్ధతీ ఆవిడతోనే పోయింది అనుకున్నాను. అంతకంటే దుఃఖం లేదనిపించింది.

వెనక నుంచి మేనేజరు వచ్చారు. ఏనాడూ మాతో చాయ్ తాగని మనిషి. గ్లాసు తీసుకుని, నేల చూపులు చూస్తూ అన్నారు: "లిఫ్టు ఆగిపోతున్నదని మీరు చెప్తనే ఉన్నరు. రిపేరు నేనే ఆపిన. మొన్న పేషెంటు అండ్ల ఇరుక్కున్నడు. తప్పు నాదే."

వార్డు సిస్టరే ముందుకొచ్చింది.

"తాగుండ్రి సార్, సల్లారుతది."

ఆయన తాగలేకపోయారు. గ్లాసును రెండు చేతులా పట్టుకుని అలాగే నిలబడ్డారు.