నా కుప్పలో సరోజ చెయ్యి

ఆ రోజు మిర్చి కల్లంలో మా అత్త నా కుప్పలోంచి గుప్పెడు కాయలు తీసి నా ముందు పోసింది. ఎర్రకాయల నడుమ తెల్లబారిన తాలు కాయలు నాలుగు. "ఏందే, కండ్లు పోయినయా?" అంది. గార్ల దగ్గర మా ఊళ్ళో తాలు ఏరడంలో నా తర్వాతే ఎవరైనా. బస్తా కుట్టే ముందు ఆఖరి చూపు నాదే. ఇరవై ఏళ్ళుగా ఆ పెద్దరికం నాది.

పక్క కుప్ప మా తోడికోడలు సరోజది. అందులో ఒక్క తాలు లేదు. నాకు కడుపు మండిపోయింది. పైగా ఆమె చెయ్యి నా కుప్పలోకి రావడం రెండుమూడుసార్లు చూసి ఉన్నాను. ఇంకేముంది, తన తాలు తెచ్చి నా దాంట్లో కలుపుతోందని అందరి ముందూ అనేశాను. సరోజ తల వంచుకుని ఊరుకుంది. తప్పు చేసింది కాబట్టే నోరు లేవలేదనుకున్నాను.

అత్త మాట పట్టుకుని కళ్ళ డాక్టరు దగ్గరికి పోతే అద్దాలు మార్చాడు. ఏమీ మారలేదు. తర్వాత కుడిచెయ్యి వణకడం మొదలైంది. గడప దగ్గర కాళ్ళు అతుక్కుపోయేవి. మహబూబాబాద్ దవాఖానలో చూసి వరంగల్‌లో న్యూరాలజిస్ట్ దగ్గరికి పొమ్మన్నారు. మా ఆయనకు వీలుకాక సరోజ తోడొచ్చింది. బస్సులో ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు.

డాక్టరమ్మ నన్ను నడిపించి చూసింది, ఎమ్మారై తీయించింది. అంకెలు నిండిన కాగితం ఇచ్చి, మూడు ఎక్కడున్నా సున్నా చుట్టమంది. సగం వదిలేశాను.

"పార్కిన్‌సన్స్ అమ్మా. మీ కండ్లు మంచిగనే ఉన్నయి, విజువల్ అటెన్షన్ తగ్గింది. గుంపుల ఒక్కదాన్ని ఎతుకుడు మెదడుకు కష్టమైతుంది. ఎన్నాళ్ళ సంది గిట్లుంది?"

"ఈ ఏడే" అన్నాను.

"రెండేండ్ల సంది, మేడం" అంది సరోజ. "అత్త చూస్తే అక్కను పక్కకు కూసోబెడ్తదని నేనే తాలు తీసేస్తున్న. ఆ దినం నాకంటే ముందు అత్త వచ్చింది."

కలపలేదు, తీసింది. సిగ్గేసింది. కానీ నిజం చెప్తున్నా, సిగ్గు కంటే ముందు కుళ్ళు వచ్చింది. రెండేళ్ళు నా పేరు ఆమె కళ్ళ మీద నిలబడిందా!

లెవోడోపా మాత్రలతో వణుకు తగ్గింది, అడుగు సాగింది. తాలును పట్టే చూపు మాత్రం అంతగా కుదురుకోలేదు. మధ్యలో డోసు పెంచితే గోడ మీద లేని చీమలు కనబడ్డాయి. డాక్టరమ్మ మళ్ళీ తగ్గించింది. బస్తా కుట్టే ముందు ఆఖరి చూపు చూసే పని సరోజకు పోయింది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

ఇప్పుడు నల్లగుడ్డ మీద గుప్పెడు చొప్పున పరిచి, ఎడమ నుంచి కుడికి, మాటలు లేకుండా ఏరుతున్నాను. అయ్యాక సరోజను పిలిచి, "ఏం తీసినా నా ముంగటనే తియ్యి" అంటాను. మొన్న రెండు కాయలు తీసి నా అరచేతిలో పెట్టింది. ఆ కళ్ళంటే నాకు ఇప్పటికీ కుళ్ళే.

మీ ఇంట్లో ఎవరైనా ఎన్నడూ పొరబడని పనిలో పొరబడుతుంటే కప్పిపెట్టి సాయం చేయకండి. వాళ్ళకే చెప్పండి. అద్దాలతో ఆగకుండా న్యూరాలజిస్ట్‌కు చూపించండి. సరోజ మంచితనం వల్ల నాకు రెండేళ్ళు ఆలస్యమైంది. ఆ మాటే ఆమెతో అన్నాను.

"చెప్తే ఇనేదానివా అక్కా?" అంది.

వినేదాన్ని కాదు.