శెట్టి నెత్తిమీద గది

హోటల్లో దిగేవాళ్లకు నేనిచ్చే సలహా ఒక్కటే. గదిలోకి పోగానే కొళాయి తిప్పి చూడండి, నీళ్లు రాకపోతే మళ్లీ కట్టేయండి. ఇంతమాత్రం చెప్పడానికి ఈయనెవరని నవ్వుకోకండి. ఆ రెండో పని చేయక దీపావళి ఆర్డరు మొత్తం ముంచుకున్న మహానుభావుణ్ణి నేనే.

తొంభైల చివర్లో రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే చిన్న యూనిట్ పెట్టాను. పెట్టుబడి కోసం మా నాయన ఎద్దుల్ని అమ్మాడు. ఆ దీపావళికి పెద్ద ఆర్డరు దొరక్కపోతే ఇక మిషన్లు అమ్ముకోవడమే. అప్పుడే గుంతకల్లు బట్టల శెట్టి ఒకాయన అనంతపురం వచ్చాడని, టవర్‌క్లాక్ దగ్గర హోటల్లో దిగి కుట్టేవాళ్లతో బేరాలు చేస్తున్నాడని తెలిసింది. పిలవగానే చొక్కా నలగకుండా దిగిపోవచ్చని నేను మహా తెలివిగా సరిగ్గా ఆయన గది పైగదే తీసుకున్నాను. నాయన కూడా వచ్చాడు.

కొళాయి తిప్పితే గాలి తప్ప ఏమీ రాలేదు. కాసేపటికి మోటారు వేస్తారట. మా ఇళ్లల్లో నీళ్లెప్పుడొస్తాయో దేవుడికే తెలియాలి. అందుకే కొళాయి తిప్పే ఉంచి, చప్పుడు వినగానే పరుగెత్తుతాం. పొంగింది వృథా పోకుండా తూముకు గుడ్డ కుక్కుతాం. నేను ఆ రెండూ శ్రద్ధగా చేసి, కింద బకెట్ పెట్టి కాచుకున్నాను. అంతలో శెట్టి రమ్మన్నాడని కబురొచ్చింది. ప్యాంట్లు చంకన పెట్టుకుని, గదికి తాళం వేసి ఇద్దరం దిగిపోయాం.

శెట్టి తెల్లటి పంచెలో మంచం మీద కూర్చుని, ప్యాంటు ఒళ్లో పరచుకుని కుట్లు గోటితో లాగి చూస్తున్నాడు. తలుపు బయట బళ్లారి ఆయనొకడు తన ప్యాంట్ల మూటతో నిలబడి ఉన్నాడు. మేం లేస్తే ఆయన కూర్చుంటాడు.

"రంగు దిగదు గదా?" అన్నాడు శెట్టి.

"వారం నానబెట్టినా దిగదన్నా."

అప్పుడు వినబడింది మోటారు చప్పుడు. పైన కొళాయి తిప్పే ఉంది. నాయన నా మోకాలు గిల్లాడు. లేద్దామంటే శెట్టి ధర దగ్గరికొచ్చేశాడు. కూర్చుందామంటే తలమీద తుంగభద్ర. ఈపాటికి బకెట్ నిండుంటుంది, గడప దాటుంటుంది అనుకుంటూ, ఆయనేమడిగినా సరేనంటున్నాను. నా చెమటలు చూసి, పాపం గిట్టుబాటు కాదేమోనని ఆయనే ధర కాస్త పెంచాడు కూడా.

"సరేప్పా, ఖాయం చేసుకుందాం" అని శెట్టి చెయ్యి చాపాడు. ఆ చేతిమీద మొదటి చుక్క పడింది.

వెంటనే ఫ్యాను కొక్కెం పక్కనుంచి ధార. నేను పైకి పరుగెత్తి, కొళాయి కట్టి, గుడ్డ పీకి వచ్చేసరికి కింద ఎవరూ అరవడం లేదు, పారిపోవడమూ లేదు. అందరూ మా జిల్లా చుట్టుపక్కల మనుషులే కదా. నాయన ధార కింద ఆ గది బకెట్ పెట్టాడు. బళ్లారి ఆయన టిఫిన్ డబ్బా పట్టాడు. శెట్టి కూర్చున్నచోటే చెంబు పట్టుకుని నింపుకుంటున్నాడు. చెంబు నిండాక ఒళ్లోకి చూసుకున్నాడు. పంచె నీలంగా మారిపోయి ఉంది.

ఆర్డరు బళ్లారి ఆయనకు పోయింది. తలవంచుకుని గడప దాటుతుంటే శెట్టి వెనక్కి పిలిచాడు. మనసు మార్చుకున్నాడేమోనని ప్రాణం లేచొచ్చింది.

"పైన నీ బకెట్ నిండినాదా?"

"నిండిందన్నా."

"దాన్ని ఈడ పెట్టిపో. ట్యాంకు ఖాళీ అయిపోయినాదంట. పంచె ఉతుక్కోవాల."

మోసుకొచ్చి పెట్టాను. ఆ బకెట్ మీద ఒట్టేసి చెబుతున్నాను: బేరమాడాల్సిన మనిషి నెత్తిమీద ఈ జన్మలో గది తీసుకోను.