వంకకు అవతల కూర్చున్న మణి

ఫోన్‌లో ఒక్క వేలితో రాస్తా ఉండాను. నాది వానాకాలం చదువు, అక్షరాలు తప్పుంటే మన్నించండి.

ఈ పొద్దు సాయంత్రం మా కుక్క మణిని తోలుకోని ఊరి బయట వంక కాడికి పోయినాను. మా ఇంటామె ఉన్నన్నాళ్ళూ ముగ్గురమూ ఆడనే బండ మీద కూర్చునేవాళ్ళం. ఆమె పోయి మూడు నెలలు. మళ్ళా నేను పోవడం ఇదే మొదలు.

మణి బండ కాడ నిలవలేదు. నీళ్ళు దాటి, అవతలి గట్టున ఆమెను కాల్చిన సోట పోయి కూర్చునింది. బూడిదంతా వానలకు కొట్టుకపోయి ఆడ గుర్తు కూడా లేదు. పాడె లేచేటప్పుడు కుక్క ఎదురు రాకూడదని, ఆ దినం దాన్ని నా చేత్తోనే ఇంట్లో కట్టేసి వచ్చినాను.

మేకలు తోలుకొచ్చిన మంగమ్మ నన్ను సూసి, "ఏం మామా, ఇన్నాళ్ళకు తెలిసిందా దోవ? ఇది దినామూ వస్తాది" అనింది.

"వచ్చి ఏం చేస్తాది మంగమ్మా?"

"ఎవురో తల నిమరతా ఉన్నట్టు కండ్లు మూసుకోని ఉంటాది."

ఊరంతా తిరుగుతాదని దాన్ని దినామూ తిట్టేవాణ్ణి. ఈ పొద్దు గట్టు మీద నుంచి పిలిస్తే రాలేదు. నాకు దాటే ధైర్యం లేక ఒక్కణ్ణే ఇంటికొచ్చినాను. దీపాలు పెట్టినారు, అది ఇంకా రాలేదు.

మోకాలి లోతు నీళ్ళే. రేపు నేనూ దాటి దాని పక్కన కూర్చుంటే తప్పా? తెలిసినోళ్ళు తొందరగా ఒక మాట రాయండి.