చివరిసారి చెయ్యి పెట్టిన జాగ

మొన్న ఆదివారం పొద్దున ల్యాప్‌టాప్‌లో ఇంటర్నెట్ రాకపోతే, గోడకున్న వైఫై పెట్టె మీద అరచెయ్యి ఆనించి చూశాను. వెచ్చగా ఉంది. వేడెక్కిన ప్లాస్టిక్, దుమ్ము కలిసిన సన్నని వాసన వచ్చింది. ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్చేంజ్‌లో పీల్చిన వాసన అది. దాని వెనకే, నాకు పని నేర్పిన లైన్ ఇన్‌స్పెక్టర్ రాజమల్లయ్య సారు గుర్తొచ్చారు. కానీ ఆ పూట ఆయన మాట వినే స్థితిలో నేను లేను. మనసు నిండా అనుమానమే.

నా కారణాలు నాకున్నాయి. ఫోన్‌లో నెట్ వస్తోంది, ల్యాప్‌టాప్‌లో రావడం లేదు. అంటే పెట్టె బాగానే ఉంది, బయటి తీగా బాగానే ఉంది. ఎవరో ల్యాప్‌టాప్‌నే ఏదో చేశారు. ఆపి మళ్లీ పెట్టాను. పెట్టె పక్కకు తెచ్చి చూశాను. చేసిన ప్రతి పనీ టైముతో సహా డైరీలో రాసుకున్నాను. ఎన్నిసార్లు నొక్కినా ‘కనెక్ట్ కాలేదు’ అనే మాటే. కంటి ఆపరేషన్ చేయించుకుని, చిన్నకోడూరులో బిడ్డ ఇంట్లో మూడు వారాలుండి అంతకు ముందు రోజే వచ్చాను. నేను లేనన్నాళ్లు ఇంటి తాళంచెవి, మేడమీద భార్య లావణ్యతో కిరాయికుండే శ్రీశైలం దగ్గర ఉంది. బట్టల దుకాణంలో పనిచేస్తాడు. మొక్కలకు నీళ్లు పొయ్యమని నేనే ఇచ్చాను. ఆపరేషన్‌కు ముందు కూడా, సాయంత్రాలు నెట్ నెమ్మదించినప్పుడల్లా పైనుంచి సినిమా చప్పుడు వినిపించేది. ఇవన్నీ కలుపుకుంటే నాకు ఒకే మనిషి కనిపించాడు.

శ్రీశైలం మెట్లు దిగుతుంటే ఆపాను. “సాయంత్రం ఒకసారి రా. ఇంటి సంగతి మాట్లాడేదుంది” అన్నాను.

“ఏమైంది సార్, మొక్కలేమన్న ఎండినయా?” అని నవ్వాడు.

ఆ నవ్వు కూడా నాకు ఏదో దాస్తున్నట్టే కనిపించింది. ఇల్లు ఖాళీ చెయ్యమని చెప్పేద్దామని నిశ్చయించుకున్నాను.

రాజమల్లయ్య సారు నాకంటే పెద్ద అనుమానం మనిషి. చాయలో నీళ్లెక్కువయ్యాయేమోనని గ్లాసును వెలుతురుకు ఎత్తి చూసేవారు. గదికి తాళం వేసి రెండుసార్లు లాగి, నాలుగడుగులు పోయి, మళ్లీ వచ్చి లాగేవారు. మేం చాటుగా నవ్వుకునేవాళ్లం. ఆయన దగ్గర ఒక ఫాల్టుల పుస్తకం ఉండేది. ఏ రోజు, ఏ లైను, ఏ స్తంభం, ఏం చేశాం అనే గళ్లు ఎవరి పుస్తకంలోనైనా ఉండేవే. ఆయన మాత్రం చివర తన చేత్తో ఇంకో గడి గీసుకున్నారు. దాని పైన ‘ఎవరి చెయ్యి’ అని ఉండేది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో వేములఘాట్ లైను మూగబోయింది. ఊరి దగ్గర తీగ తాటిచెట్ల పక్కనుంచి పోయేది. ఎల్లాగౌడ్ అనే గీతకార్మికుడు మోకు, కత్తితో రోజూ అక్కడే ఉండేవాడు. నేను సైకిలు దిగీ దిగకముందే, కల్లుకు కూచున్న పదిమంది ముందు “తీగ నువ్వే కోసినవా?” అని అడిగాను.

“కోసి ఏం జెయ్యాలె పిల్లగా, మొలతాడు గట్టుకోవాల్నా?” అన్నాడు. అందరూ నవ్వారు, అతను తప్ప.

పోలీసులకు కాగితం రాద్దామని ఎక్స్చేంజ్‌కి తిరిగొచ్చాను. సారు నా చేతిలో పెన్ను తీసుకున్నారు.

“నర్సింలూ, ఆ లైను మీద నువ్వు చివరిసారి చెయ్యి పెట్టిన జాగ ఏది?”

“తొమ్మిదో స్తంభం సార్. పోయిన వారం అతుకేసిన.”

“అది చూసినవా?”

“అది నేనే ఏసిన గద సార్.”

“గందుకే అడుగుతున్న. ఎవలనన్న అనుమానించు, నేనొద్దన. గని ముందుగాల నీ చెయ్యిని అనుమానించు.”

మర్నాడు ఇద్దరం మళ్లీ వెళ్లాం. రిటైర్మెంట్ దగ్గరపడ్డ వయసులో ఆయనే స్తంభం ఎక్కారు. నా అతుకు రెండు వేళ్లతో పట్టుకోగానే ఊడి వచ్చింది. దిగి నేరుగా తాటిచెట్ల దగ్గరికి నడిచారు. “గౌడన్నా, తీగ ఎవ్వలు కొయ్యలే. మావోని అతుకే ఊడింది. తప్పు మాది” అన్నారు.

ఎల్లాగౌడ్ ఆయన్ని కాదు, నన్ను చూశాడు. “నిన్న విన్నోళ్లు పదిమంది. ఇయ్యాల గీడ ఒక్కడన్న ఉన్నడా?”

సారు పుస్తకం తెరిచి, ఆ చివరి గడిలో నా పేరు నాతోనే రాయించారు. ఆ వారమే నేను మొదటి డైరీ కొన్నాను. వేములఘాట్ ఇప్పుడు మల్లన్నసాగర్ రిజర్వాయర్ నీళ్ల కింద ఉంది. ఆ పదిమందికి నిజం చెప్పడానికి నేను ఎన్నడూ పోలేదు.

ఆదివారం మధ్యాహ్నం అన్నం ముందు కూచుని, సారు అడిగినట్టే నన్ను నేను అడిగాను. డైరీలో ఆపరేషన్‌కు ముందురోజు పేజీ తీశాను. నా అక్షరాలే: ‘నెట్ అబ్బాయిని పిలిపించి వైఫై పాస్‌వర్డ్ మార్పించాను. నేను లేనప్పుడు పైవాళ్లు వాడకుండా. ఫోన్‌లో వేశాడు. ల్యాప్‌టాప్‌లో తిరిగొచ్చాక వేసుకోవాలి.’ కింద కొత్త పాస్‌వర్డ్. ఆస్పత్రి హడావిడిలో, కళ్లల్లో చుక్కల మందు పడ్డాక ఆ సంగతే మరిచిపోయాను. పాత పాస్‌వర్డ్ తీసేసి, కొత్తది కొట్టాను. మరుక్షణం నెట్ వచ్చింది. ఆ పూట అన్నం మాత్రం సయించలేదు.

సాయంత్రం శ్రీశైలం గడప అవతలే నిలబడ్డాడు. తాళంచెవి చేతిలోనే ఉంది.

“ఖాళీ చెయ్యమంటరా సార్? లావణ్య పొద్దటిసంది గదే రంధిల ఉన్నది. సగం బట్టలు సదిరింది గూడ.”

పాస్‌వర్డ్ ఎందుకు మార్పించానో, పొద్దున ఏమనుకున్నానో ఏదీ దాచకుండా చెప్పాను.

“మా ఫోన్లల్ల నెట్టు మాకున్నది సార్. అడిగితే నేనే చూపిస్తుంటి” అని తాళంచెవి నా చేతికివ్వబోయాడు.

“నీ దగ్గరే ఉండనీ” అన్నాను.

“అయితే లావణ్యకు జర మీరే చెప్పున్రి. నేను చెప్తె నమ్మది.”

మోకాళ్ల నొప్పితో మేడ ఎక్కక ఏడాది దాటింది. రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కాను. తలుపు దగ్గర బట్టల మూట కట్టి ఉంది. ఆమె దాని పక్కనే నిలబడి విన్నది. అంతా విన్నాక కూడా మూట వెంటనే విప్పలేదు. నేను దిగి వస్తుంటే విప్పుతున్న చప్పుడైంది.

ఆ రోజు పేజీ చివర ఒక గడి గీసి నా పేరు రాశాను. తర్వాత తలుపు గడియ వేసి, రెండుసార్లు లాగి చూశాను.