ఐసు కార్ఖానా మోటారు, నా ఒక్క బల్బు

దేవరకొండలో మా పక్క జాగాలో ఐసు కార్ఖానా పెట్టారు. ఈ సాయంత్రం మోటారు నడిపిస్తారని తెలిసి, కరెంటంతా అదే గుంజుకుంటుందని నాకు ఒకటే ఫికర్. మా ఆయన పోయినప్పటి నుంచి ఇంట్లో నాకు తోడు ఒక్క బల్బే.

కార్ఖానా ఇంజనీరును ఆపి అడిగాను.

"పది టన్నుల చల్లదనానికి ఇరవై కేవీఏల కరెంటు కావాలె అవ్వా. స్తంభం మీది ట్రాన్స్‌ఫార్మర్ ఇరవై అయిదుది. సరిపోతది."

"గా లెక్కల నా బల్బు కలిపినవా బిడ్డా?"

"గదెంత అవ్వా, లెక్కకే రాదు!" అని నవ్వాడు.

మోటారు మొదలవగానే బల్బు మసకబారింది. దండం పెట్టుకున్నాను. మళ్లీ వెలిగింది. గోడ అవతల మోటారు ఇంకా గుర్రుమంటోంది, అచ్చం మా ఆయన గురకలాగా. రాత్రికి ఆపేస్తారేమోనని ఇప్పుడు ఇంకో ఫికర్. మీకూ ఇంతేనా, నాకొక్కదానికేనా?